జన్యు వైవిధ్యం, ప్రకృతివరణం: శేషాచలం కొండల నుంచి పుంగనూరు దొడ్ల దాకా తరచుగా అడిగే ప్రశ్నలు

మామండూరు అడవిబాటలో పిల్లలు అడిగినవి, పలమనేరు వైపు పాడి రైతులు అడిగినవి, బంగారుపాళెం మామిడి తోటల్లో అడిగినవి ఇక్కడ ఒకచోట చేర్చాను. పాఠ్యపుస్తకం వరుస పాటించలేదు. మన ఉమ్మడి చిత్తూరు జిల్లా మనుగడకు దగ్గరగా ఉన్నవాటికి ఎక్కువ చోటిచ్చాను.

జన్యు వైవిధ్యం అంటే అడవిలో రకరకాల చెట్లు, జంతువులు ఉండటమేనా?

కాదు. శేషాచలంలో ఎర్రచందనం, జాలారి, తెల్లకరక, కొండసాంబ్రాణి పక్కపక్కనే పెరగడం జాతుల వైవిధ్యం. ఒక్క ఎర్రచందనాన్నే తీసుకుంటే, మామండూరు దగ్గరి చెట్టుకూ బాకరాపేట కొండల్లోని చెట్టుకూ జన్యువుల్లో ఉండే తేడాలు జన్యు వైవిధ్యం. ఒక చెట్టు ఎండకు ఎక్కువ తట్టుకోవచ్చు, ఇంకొకటి చీడను నిలువరించవచ్చు, మరొకటి వారం ముందే పూయవచ్చు.

మొదటి రకం వైవిధ్యం పోతే కంటికి తెలుస్తుంది. రెండోది కరిగిపోతున్నా కొండ పచ్చగానే కనిపిస్తుంది. అందుకే దీని గురించి గట్టిగా చెప్పాలనిపిస్తుంది. ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఊరుకుంటే చాలదు, ఉన్నవాటి మధ్య ఎంత తేడా మిగిలిందో కూడా చూడాలి.

ప్రకృతివరణం అంటే బలమున్నదే బతుకుతుందనేనా?

ఆ మాట చాలా మందిని పక్కదారి పట్టించింది. 1858లో డార్విన్, వాలేస్ కలిసి లోకం ముందు పెట్టిన ఆలోచనకు కండబలంతో పెద్దగా పనిలేదు. ఒక గుంపులో తేడాలుండాలి. ఆ తేడాల్లో కొన్ని తల్లిదండ్రుల నుంచి పిల్లలకు రావాలి. ఆ తేడా ఉన్నవాటికి, ఆ చోట, ఆ కాలంలో, మిగతావాటికన్నా ఎక్కువ సంతానం మిగలాలి. ఈ మూడూ కలిస్తే తరతరానికి ఆ లక్షణం గుంపులో పెరుగుతుంది. ప్రకృతివరణం అంటే ఇంతే.

శేషాచలం రాతినేలలో నిదానంగా పెరిగి, వేసవిలో ఆకులు రాల్చి, తక్కువ నీటితో గడిపే చెట్టుదే పైచేయి. అదే చెట్టును నీళ్లు నిలిచే నల్లరేగడిలో నాటితే దిగులుగా ఉంటుంది. ఎక్కడైనా గెలిచే లక్షణం అంటూ ఏదీ లేదు. కాబట్టి రేపటి ఎండకో, రేపటి తెగులుకో ఏ లక్షణం పనికొస్తుందో ఈరోజు ఎవరూ చెప్పలేరు. తేడాలన్నిటినీ కాపాడుకోవాలనడానికి అసలు కారణం ఇదే.

టమాటా కాయతొలుచు పురుగు మందుకు అలవాటు పడిపోయిందంటారు. అలవాటు పడటం, ప్రకృతివరణం ఒకటేనా?

ఒకటి కాదు. ఏ ఒక్క పురుగూ మందు తాగి తాగి గట్టిపడలేదు. చేనిలో లక్ష పురుగులుంటే, మందును విరిచేసే జన్యువు పుట్టుకతోనే ఉన్నవి పది ఉండొచ్చు. మందు కొట్టకముందు ఆ పదికీ ప్రత్యేకత లేదు. కొట్టాక మిగిలినవి అవే, జతకట్టినవీ అవే, తర్వాతి కాపులో దిగిన పురుగులు వాటి పిల్లలే. అదే మందును మళ్లీ అదే మోతాదులో కొడితే రైతే ఆ ఎంపికను వేగంగా నడిపిస్తున్నట్టు.

అందుకే ఒకే రకం మందును వరసగా వాడొద్దని, పనిచేసే తీరు వేరుగా ఉన్న మందులను మార్చి మార్చి వాడమని వ్యవసాయాధికారులు చెబుతారు. బంతి మొక్కలను ఎరపంటగా వేయడం, మగ పురుగులను వాసనతో లాగే లింగాకర్షక బుట్టలు పెట్టడం మందు మీద భారం తగ్గిస్తాయి. మందు పడని కొన్ని మొక్కలు చుట్టుపక్కల ఉంటే మామూలు పురుగులూ మిగిలి, తట్టుకునేవాటితో జతకడతాయి. తట్టుకునే గుణం గుంపంతా పాకడం నెమ్మదిస్తుంది.

మన చెనక్కాయలో ఇన్ని రకాలున్నాయి కదా, దానికి వైవిధ్యం తక్కువంటారేమి?

తిరుపతి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం నుంచి వచ్చిన నారాయణి, ధరణి, పక్కనే కదిరి నుంచి వచ్చిన రకాలు పేరుకు చాలానే ఉన్నాయి. కానీ చెనక్కాయ పుట్టుకలోనే ఒక ఇరుకుంది. దక్షిణ అమెరికాలో సుమారు 10 వేల ఏళ్ల కిందట రెండు అడవి జాతులు కలిశాయి, ఆ సంకరంలో క్రోమోజోములు (జన్యువులను మోసే పోగులు) రెట్టింపై 40 అయ్యాయి. 20 క్రోమోజోములున్న అడవి బంధువులతో ఆ తర్వాత అది సులభంగా కలవలేకపోయింది. పైగా చెనక్కాయ పువ్వు తనను తానే పరాగసంపర్కం చేసుకుంటుంది. అలా అతి కొద్ది మొక్కల వారసత్వమే ప్రపంచమంతా పంటగా పాకింది.

తిక్క ఆకుమచ్చ, తుప్పు తెగుళ్లు వచ్చినప్పుడు ఈ ఇరుకు బయటపడుతుంది. తట్టుకునే గుణం పంటలో దొరక్కపోతే అడవి బంధువుల దగ్గరికి వెళ్లాలి. ధార్వాడ్ నుంచి వచ్చిన జీపీబీడీ-4 రకానికి ఆ తెగుళ్లను తట్టుకునే శక్తి అలా ఒక అడవి జాతి నుంచి ఎక్కించిందే. పటాన్‌చెరులోని అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ జన్యుబ్యాంకులో 15 వేల పైచిలుకు చెనక్కాయ నమూనాలను చల్లగా దాచి ఉంచారు. మన చేలకు రేపు కావలసిన జన్యువు ఆ సంచుల్లో ఏదో ఒకదానిలో ఉండొచ్చు.

చిత్తూరు తోతాపురి తోటలకు ఇది వర్తిస్తుందా?

నూటికి నూరుపాళ్లు. మనం బెంగళూరా అని పిలిచే తోతాపురి చెట్లన్నీ అంటుకట్టినవి. వేరు భాగం నాటు టెంక నుంచి వచ్చినా, పైన కాసే కొమ్మంతా ఒకే చెట్టు కొనసాగింపు. వంద ఎకరాల తోటలోనూ జన్యుపరంగా ఉన్నది దాదాపు ఒకే చెట్టు. గుజ్జు ఫ్యాక్టరీకి ఇది సౌకర్యమే, కాయంతా ఒకే తీరున వస్తుంది కనుక. తేనెమంచు పురుగుకో కొత్త తెగులుకో కూడా అదే సౌకర్యం. ఒక చెట్టును గెలిచింది అన్నిటినీ గెలుస్తుంది.

తోట తీసేయమని ఎవరూ అనరు. గట్ల మీద, బావుల దగ్గర మిగిలిన టెంకచెట్లను, ఊరగాయకు వాడే నాటు మామిళ్లను కొట్టొద్దని మాత్రం చేతులు జోడించి అడుగుతాను. టెంక నుంచి మొలిచిన ప్రతి నాటు చెట్టూ కొత్త కలయిక. రేపు కొత్త రకం కావాలన్నా, గట్టి వేరు కావాలన్నా వెతకాల్సింది అక్కడే.

పుంగనూరు ఆవుల సంఖ్య పెరుగుతోంది కదా, ఇంకా భయమెందుకు?

ఈ ప్రశ్నకు కాస్త లెక్క కావాలి.

పుంగనూరు ఆవు ఎత్తు సుమారు 70 నుంచి 90 సెంటీమీటర్లు. పాలు తక్కువే ఇచ్చినా వెన్న ఎక్కువ, ఎండుగడ్డితోనూ కరువు రోజుల్లోనూ నెట్టుకొస్తుంది. విదేశీ పాడి జాతులైన జెర్సీ, హెచ్ఎఫ్ (హోల్‌స్టీన్ ఫ్రీజియన్) సంకరాలతో పాడి పెరిగాక ఊళ్లలో దీన్ని అడిగేవాళ్లు లేకపోయారు. ఒక దశలో అంతరించిపోయే అంచుకు చేరింది. పలమనేరు పశు పరిశోధన స్థానంలో మందను నిలబెట్టారు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం మిషన్ పుంగనూరు పేరుతో పిండమార్పిడి పనులూ మొదలుపెట్టింది. ఇవాళ ఇంటి ముందు పొట్టి ఆవు ఉండాలని పట్నాల వాళ్లు కూడా కోరుకుంటున్నారు.

ఇక లెక్క. ఒక మందలో 20 ఆవులు, ఒక్క ఆబోతు ఉన్నాయనుకోండి. చూడటానికి 21 పశువులు. పుట్టే ప్రతి దూడకూ తండ్రి ఒక్కడే కాబట్టి, తర్వాతి తరంలో అవన్నీ అన్నాచెల్లెళ్లే. మగవాటి సంఖ్యనూ ఆడవాటి సంఖ్యనూ గుణించి, 4తో హెచ్చించి, మొత్తంతో భాగిస్తే మందకు నిజంగా ఉన్న బలం వస్తుంది. ఇక్కడ అది 3.8. అంటే 21 పశువుల మంద జన్యుపరంగా నాలుగు పశువుల మందలా నడుస్తోంది. అలాంటి మంద తరానికి సుమారు 13 శాతం వైవిధ్యం పోగొట్టుకుంటుంది. అదే 20 ఆవులకు సంబంధం లేని 5 ఆబోతులుంటే బలం 16కి పెరుగుతుంది, నష్టం తరానికి 3 శాతానికి దిగుతుంది. ఖర్చు నాలుగు ఆబోతుల మేత, అంతే.

ఒక్క మంచి ఆవు నుంచి చాలా పిండాలు తీసి వేరే ఆవుల్లో పెట్టినా ఇదే చిక్కు. సంఖ్య పెరుగుతుంది, వైవిధ్యం పెరగదు. ఎన్ని తల్లులు, ఎన్ని తండ్రులు అన్నది ముందు చూసుకుని చేస్తే అదే పద్ధతి గొప్ప సాయం.

ఇంకొకటి. ముద్దుగా ఉన్నాయని మరీ మరీ పొట్టివాటినే ఎంచి జతకట్టించడం మనిషి చేసే ఎంపిక. ఈనడం కష్టమవుతుందా, కాళ్లు వంకరపోతాయా, పొదుగు సరిపోతుందా అన్నవి ఆ ఎంపికలో లెక్కకు రావు. కరువుకు ఓర్చే గుణం, వెన్నశాతం, తెగులును తట్టుకోవడం వీటివల్లే పుంగనూరు ఇన్నేళ్లు మన మెట్టసీమలో నిలిచింది. ఎత్తు ఒక్కటే కొలిస్తే ఆ గుణాలన్నీ మనకు తెలియకుండానే జారిపోతాయి. మీ దొడ్లో పుంగనూరు ఉంటే ప్రతి చూడికీ ఏ ఆబోతో, దాని తల్లి ఎవరో ఒక పుస్తకంలో రాసి పెట్టండి. పక్క ఊరి వాళ్లతో ఆబోతులు మార్చుకోండి.

తిరుమల కొండ మీది పేరీత గురించి కూడా ఇదే లెక్క చెబుతారా?

చెబుతాను. సైకాస్ బెడ్డోమై అనే ఈ మొక్క ప్రపంచంలో సహజంగా పెరిగేది ఈ చుట్టుపక్కల కొండల్లోనే. అంతర్జాతీయ వ్యాపారాన్ని కట్టడి చేసే సైటీస్ ఒప్పందంలో అత్యంత కఠినమైన మొదటి పట్టికలో ఉంది. దీనిలో మగ మొక్క వేరు, ఆడ మొక్క వేరు. మగ మొక్కకు వచ్చే శంకువును మందుకని కోసుకుపోతారు. మొక్క చావలేదు కాబట్టి నష్టం లేదనుకుంటారు, కానీ ఆ ఏడు దాని పుప్పొడి ఎక్కడికీ చేరదు. కొండవాలులో పది మగ మొక్కలుండి తొమ్మిదింటి శంకువులు పోతే, పుట్టే విత్తనాలన్నిటికీ తండ్రి ఒక్కటే. పైన ఆబోతు దగ్గర చెప్పిన లెక్కే ఇది.

ఎర్రచందనం నరికినా మోడు నుంచి చిగురు వస్తుంది కదా?

వస్తుంది, బాగానే వస్తుంది. కానీ ఆ పిలక పాత చెట్టే. కొత్త కలయిక కావాలంటే తేనెటీగలు ఒక చెట్టు పుప్పొడి ఇంకో చెట్టుకు చేర్చాలి, రెక్కలున్న కాయ గాలికి ఎగిరి ఎక్కడో పడాలి, ఆ విత్తనం వేసవి మంటల్ని దాటి మొలవాలి.

దొంగలు వెతికేది లావుగా, నిటారుగా, చేవ బాగా పట్టిన చెట్లనే. సన్నవి, వంకరవి, చేవ పట్టనివి వదిలేస్తారు. ఆ గుణాల్లో వంశం నుంచి వచ్చే పాలు కొంత ఉన్నా, పూసి విత్తనమిచ్చే అవకాశం మనం వద్దనుకునే చెట్లకే ఎక్కువ దక్కుతుంది. గొడ్డలి చేసే వరణం అది. ఈ చెట్టు పుట్టిల్లు శేషాచలం, పాలకొండ, లంకమల, వెలిగొండ, నల్లమల దక్షిణపు అంచు. 1995 నుంచి సైటీస్ రెండో పట్టికలో ఉంది. 2021లో జాతుల పరిస్థితిని అంచనా వేసే అంతర్జాతీయ సంస్థ ఐయూసీఎన్ దీన్ని మళ్లీ అంతరించే ప్రమాదమున్న జాతిగా ప్రకటించింది. పట్టుకున్న దుంగల టన్నులు పత్రికల్లో వస్తాయి. పోయిన విత్తనపు చెట్ల లెక్క కూడా ఎవరైనా రాయాలి.

వరణం ఫలితం కనిపించాలంటే వేల ఏళ్లు పట్టదా?

ఒత్తిడి ఎంతటిదో దాన్ని బట్టి. మొజాంబిక్ దేశంలో 1977 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం నడిచింది. గొరొంగోసా అడవిలో దంతాల కోసం ఏనుగులను విపరీతంగా చంపారు. ఆఫ్రికా ఏనుగుల్లో ఆడవాటికీ దంతాలుంటాయి. యుద్ధానికి ముందు దంతాల్లేని ఆడ ఏనుగులు సుమారు 18 శాతం, తర్వాత 51 శాతం. 2021లో వచ్చిన పరిశోధన ఆ మార్పుకు ముఖ్య కారణంగా ఎక్స్ క్రోమోజోమ్ మీది ఒక జన్యువును చూపింది. అందులోని మార్పు మగ పిండానికి ప్రాణాంతకమని అంచనా, కాబట్టి దంతాల్లేని తల్లులకు మగపిల్లలు తక్కువ. వేటగాళ్ల తూటా ఒక తరంలోనే గుంపు స్వరూపాన్ని మార్చేసింది.

మన కుప్పం, పలమనేరు ఏనుగుల సంగతేమిటి?

రెండు వందల ఏళ్ల తర్వాత 1980లలో తమిళనాడు వైపు నుంచి ఏనుగులు మన జిల్లాకు తిరిగొచ్చాయి. వాటి కోసమే 1990లో సుమారు 357 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. ఆసియా ఏనుగుల్లో మగవాటికే దంతాలు, కొన్ని మగవాటికి అవీ ఉండవు, వాటిని మఖ్నా అంటారు. దంతాల వేట మగవాటినే తగ్గిస్తుంది. కేరళలోని పెరియార్‌లో ఒక దశలో వయసొచ్చిన మగ ఏనుగు ఒకటికి ఆడవి సుమారు వంద ఉండేవి.

మన గుంపు చిన్నది. హోసూరు, క్రిష్ణగిరి అడవులతో రాకపోకలుంటేనే కొత్త రక్తం వస్తుంది. చేలు తొక్కినప్పుడు రైతు పడే బాధ నిజం, ప్రాణాలూ పోయాయి. పరిహారం వేగంగా అందడం, రాత్రి కాపలాకు సాయం ఎంత అవసరమో, దారి పూర్తిగా మూయకపోవడం కూడా అంతే అవసరం.

జన్యు వైవిధ్యం కొలవాలంటే జంతువును పట్టుకోవాలా?

అక్కర్లేదు. ఏనుగు లద్దె, పులి వెంట్రుక, పక్షి ఈక చాలు. వాటిలోని కణాల నుంచి డీఎన్ఏ తీస్తారు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీకి చెందిన లాకోన్స్ ప్రయోగశాల ఈ పనిలో పేరుపొందింది.

చీతాకు వైవిధ్యం తక్కువంటారు. అయినా బతికే ఉంది కదా?

బతికే ఉంది, బొటాబొటిగా. సుమారు 10 వేల ఏళ్ల కిందట చీతాల సంఖ్య పడిపోయి, మిగిలిన కొద్దిపాటి వాటి నుంచే ఇప్పటివన్నీ వచ్చాయి. 1980లలో శాస్త్రవేత్తలు సంబంధం లేని చీతాల మధ్య చర్మం అతికిస్తే శరీరాలు తిప్పికొట్టలేదు. అంత పోలిక. ఒక దాన్ని పడగొట్టే జబ్బు పక్కదాన్నీ పడగొడుతుంది.

చాలామందికి తెలియని సంగతి: అప్పటి మద్రాసు రాష్ట్రంలోని మన చిత్తూరు జిల్లాలో చీతా కనిపించిన వివరం 1952లో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. దేశంలో చీతా అంతరించిందని ప్రకటించిన ఏడాదీ అదే.

కనిపించే ప్రతి మార్పూ ప్రకృతివరణమేనా?

కాదు. ఒడిశా సిమిలిపాల్‌లో చారలు కలిసిపోయి నల్లగా కనిపించే పులులున్నాయి. అక్కడి పులుల్లో మూడో వంతుకు పైగా అలాంటివే. 2021 పరిశోధన దానికి కారణమైన ఒక్క జన్యువును పట్టుకుంది. నలుపు వల్ల లాభముందని తేలలేదు. కొద్ది పులులు, బయటితో సంబంధం లేని అడవి, దగ్గరి బంధువుల కలయిక ఉంటే కేవలం అదృష్టం కొద్దీ ఒక జన్యువు పెరిగిపోతుంది. దీన్నే జన్యు విస్థాపన అంటారు. చిన్న గుంపులో మంచి జన్యువులూ ఇలాగే అదృష్టం కొద్దీ మాయమవుతాయి.

ప్రకృతి తనను తానే సర్దుకుంటుంది కదా, మనమెందుకు కలగజేసుకోవడం?

రాబందులను అడగాలి ఈ మాట. పశువులకు వాడిన డైక్లోఫినాక్ మందు కళేబరాల ద్వారా వాటి మూత్రపిండాలను చంపేసింది. తెల్లవీపు రాబందులు 1990ల నుంచి పదిహేనేళ్లలో 99 శాతానికి పైగా పోయాయి. ఏడాదికి ఒక్క గుడ్డు పెట్టి నిదానంగా పెరిగే పక్షికి, తట్టుకునే జన్యువు గుంపులో లేకపోతే, వరణానికి ఎంచుకోవడానికి ఏమీ ఉండదు. ఆ మందును 2006లో పశువులకు నిషేధించాకే ఆ పతనం నెమ్మదించింది. పురుగు తట్టుకుంది, రాబందు తట్టుకోలేకపోయింది. తేడా సంఖ్యలో, వైవిధ్యంలో, తరం మారే వేగంలో ఉంది.

మేనరికం పెళ్లిళ్లకూ దీనికీ సంబంధం ఉందా?

ఉంది. మన సీమలో ఇది బంధాలు నిలుపుకునే పద్ధతి. దాన్ని చిన్నబుచ్చాలని కాదు, తెలిసి నిర్ణయించుకోవాలని చెబుతున్నాను. ప్రతి మనిషిలోనూ దాగి ఉన్న లోపపు జన్యువులు కొన్ని ఉంటాయి. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం వచ్చినప్పుడే జబ్బు బయటపడుతుంది. మేనమామ, అక్క కూతురు పెళ్లి చేసుకుంటే పిల్లల్లో ఏ జన్యువైనా రెండు ప్రతులూ ఒకే పూర్వీకుడివి కావడానికి 8లో 1 వంతు అవకాశం. మేనత్త కొడుకు, మేనమామ కూతురు అయితే 16లో 1. ఎవరి పిల్లల్లోనైనా నూటికి రెండు మూడు పుట్టుకలోపాలు ఉంటాయి. బావామరదళ్ల పిల్లల్లో ఇంకో రెండు మూడు చేరతాయి. ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. ఇంట్లో ఇంతకుముందు వినికిడి లోపమో, తలసేమియానో, పసిపిల్లల మరణాలో ఉంటే పెళ్లికి ముందే జన్యు సలహాదారును కలవండి.

వేరే చోటి నుంచి తెచ్చి కలిపితే సమస్య తీరుతుందా?

కొన్నిసార్లు తీరుతుంది. అమెరికాలోని ఫ్లోరిడా పాంథర్లు (ప్యూమా అనే పెద్దపిల్లులు) ఇరవై, ముప్పైకి పడిపోయి, వంకర తోకలతో, గుండె లోపాలతో పుట్టేవి. 1995లో టెక్సాస్ నుంచి 8 ఆడవాటిని తెచ్చి వదిలారు. లోపాలు తగ్గాయి, సంఖ్య వంద దాటింది. అవి రెండూ ఒకప్పుడు కలిసి తిరిగిన గుంపులే కాబట్టి ఆ పని సాగింది.

అన్నిచోట్లా అలా కుదరదు. తిరుపతి జంతు ప్రదర్శనశాల దగ్గరి రక్షణ కేంద్రంలో సర్కసుల నుంచి విడిపించిన సింహాలను పెట్టారు. వాటిలో ఆసియా, ఆఫ్రికా రక్తం కలిసినవి ఉన్నందున, జీవితాంతం చూసుకున్నారే గాని సంతానం కలగనివ్వలేదు. గుజరాత్ గిర్ అడవిలోని ఆసియా సింహాల ప్రత్యేకత కలగాపులగం కాకూడదని ఆ జాగ్రత్త.

మా ఊరి గుట్ట మీద అడవి మొక్కలు నాటాలనుకుంటున్నాం. విత్తనం ఎలా సేకరించాలి?

ముందు అటవీశాఖ అనుమతి తీసుకోండి. ఒక్క పెద్ద చెట్టు కిందే దొరికినన్ని ఏరుకోవడం సులువు, కానీ ఆ మొక్కలన్నీ తోబుట్టువులవుతాయి. వీలైతే 25 చెట్లకు తగ్గకుండా, ఒకదానికొకటి వంద మీటర్ల దూరంలో ఉన్నవి ఎంచుకోండి. బక్కవి, వంకరవి కూడా కొన్ని ఉండనివ్వండి. ఒక్కో చెట్టు నుంచి సమానంగా తీసుకోండి, చెట్టు మీద సగానికి మించి కోయవద్దు. మీ గుట్టకు దగ్గరి కొండల విత్తనమే మేలు, అక్కడి ఎండా వానా దానికి తెలిసినవి. సంచి మీద కొండ పేరు, తేదీ రాయండి. నర్సరీలో బలంగా మొలిచినవే కాక నిదానంగా లేచినవి కూడా సంచుల్లోకి మార్చండి, ఎందుకంటే ఆలస్యంగా మొలిచే గుణమే తొలకరి మోసం చేసిన ఏడాది గింజను కాపాడుతుంది.